డేటాబేసు కనెక్షన్ల కొరత

గత వేసవిలో పరీక్షా ఫలితములను వెబ్‌సైటునందు ప్రకటించిన ఉదయమున పావుగంట వఱకు అంతయు బాగుగనే నడచెను. పిమ్మట ఎవరికిని మార్కులు కనబడవయ్యెను. తన బిడ్డ తప్పినదేమోయని ఒక తల్లి కన్నీటితో పాఠశాలకు వచ్చెను. యంత్రము చెడలేదు, డేటాబేసునకు పోవు త్రోవలే నిండిపోయినవి. పై తరగతుల విద్యార్థులకు ఉపయోగపడునని ఆ సంగతి నిచ్చట వ్రాయుచున్నాము.

ప్రతి పర్యాయము క్రొత్త కనెక్షను తెరచుట కాలవ్యయము గనుక, కొన్నిటిని ముందుగా తెరచి సిద్ధముగా నుంచుదురు. దీనికే పూల్ అని పేరు. గ్రంథాలయమున పది నిఘంటువు లున్నవనుకొనుడు. చూచుకొని వెంటనే బీరువాలో పెట్టుచున్నచో అవి నూరుగురికిని చాలును. పదిమంది సంచులలో వేసికొని యింటికిఁ బోయినచో పదునొకండవవాడు నిలిచి యుండవలసినదే. జావావారు వాడు హికారీ పూల్‌నందు, మనము మార్చనిచో, గరిష్ఠసంఖ్య 10. 30 సెకనులు వేచినను కనెక్షను దొరకనియెడల అది లోపము తెలుపును.

మేము తొందరపడి 10ని 50 చేసితిమి. మా అప్లికేషను రెండు ప్రతులుగా నడచుచుండెను. రెండు యాబదులు నూరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు సహజ పరిమితియు 100. అందు 3 నిర్వాహకునికై ప్రత్యేకింపబడినవి. దానితో కార్యాలయములోని మార్కుల నమోదు కూడ ఆగిపోయెను! గంటలోపల ఫలితముల పుటయు మరల నిలిచెను. గుణకారమైనను ముందు చేయమైతిమి.

అప్పుడు గాని పీజీ_స్టాట్_యాక్టివిటీ అను పట్టికను తెరచి చూడలేదు. ఏ కనెక్షను ఏమి చేయుచున్నదో, ఎప్పటినుండి చేయుచున్నదో అందు తెలియును. అన్నియు పనిలోనే యున్నచో ప్రశ్నలు నిదానముగా నడచుచున్నవని అర్థము. సూచిక లేమైన లోపించెనేమో చూడవలెను. మాకు కనబడినది వేరు. పెక్కు కనెక్షన్లు ట్రాన్సాక్షను నారంభించి, ముగింపక, ఊరక యుండెను. ప్రోగ్రామును వెదకగా, హాల్ టికెట్టు సంఖ్యను తప్పుగా కొట్టినప్పుడు లోపము తెలిపి వెడలిపోవుచు, తీసికొన్న కనెక్షనును తిరిగి యిచ్చుట లేదని తేలెను. ఒక్కొక్క తప్పునకు ఒక్కొక్క కనెక్షను పోయెనన్నమాట. మొదట రెండు ప్రతులకును కలిపి ఉన్నవి ఇరువదియే గదా!

పని సఫలమైనను విఫలమైనను కనెక్షను తనంతట తిరిగిపోవునట్లు ట్రై-విత్-రిసోర్సెస్ పద్ధతిలో ఆ భాగమును మార్చితిమి. తిరిగి యివ్వని చోటును లాగునందు వ్రాయు హెచ్చరిక హికారీలో కలదు. అది సహజముగా పనిచేయదు గనుక దానిని గూడ ఆరంభించితిమి. గరిష్ఠసంఖ్యను మరల 10కి తగ్గించితిమి. ఆ సాయంకాలము ఆ తల్లి బిడ్డ మార్కులను మా కార్యాలయములోనే చూచుకొని వెళ్లెను.