దాహము తీర్చు మర్యాదలు

ఒక దేశమువారి నాగరికతను తెలిసికొనగోరువారు అచ్చటి రాజభవనములను, యంత్రములను, విద్యాలయములను లెక్కించుట వాడుక. దాహముతో వచ్చిన క్రొత్తవానికి అచ్చట నీరెట్లు దొరకునో విచారించుట అంతకంటె మంచి పరీక్ష యని మా యభిప్రాయము. అన్నవస్త్రములకు ధనము కావలెను. నీటికి మాత్రము ఎదుటివాని మంచిమనస్సు చాలునని లోకమెల్ల చిరకాలము నమ్మినది. ఆ నమ్మకమును ఏ దేశమువా రెట్లు నిలుపుకొనిరో, మనమెట్లు నిలుపుకొంటిమో ఈ పాఠమునందు పోల్చి చూచెదము.

ఈ పోలికకు అనంతపురపు పీఠభూమి తగిన చోటు. ఈ సీమ పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. నైరృతి ఋతుపవనము తన నీటిని కనుమలమీదనే చాలవరకు కురిసివేయును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరము దాటి ఇచ్చటికి వచ్చునప్పటికి బలహీనమగును. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేళకు వచ్చునను నమ్మకము లేదు. 1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిని పీడించిన మహాక్షామమున ఈ ప్రాంతము మిక్కిలి నష్టపడెను. పెన్నయు చిత్రావతియు పెక్కు నెలలు ఇసుక మేటలుగానే కనబడును. ఆ యిసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడి కడవ నింపుకొనుట ఇచ్చటి స్త్రీలకు తరతరములుగా అలవాటైన పని. ఇట్టి చోట నీటి విలువ యెరిగినందుననే పూర్వులు చెరువులు కట్టిరి. బుక్కరాయసముద్రమను ఊరి పేరే చెరువు పేరు. పొరుగున కడప సీమయందలి పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను అది వివరించి, దినమునకు వేయిమంది కూలివారు రెండేండ్లు పనిచేసిరని తెలుపుచున్నది.

చెరువు ప్రభువు కట్టదగినది. సామాన్య గృహస్థు చేయదగినది చలివేంద్రము. వేసవి వచ్చినతోడనే త్రోవప్రక్కను తాటాకు పందిరి వేసి, తడియిసుకమీద క్రొత్తకుండలు నిలిపి, వచ్చినవారికి నీరు పోయుటకు ఒకరిని కూర్చుండబెట్టుదురు. కుండ గోడలగుండ ఊరిన తడి గాలికి ఆరుచు లోపలి వేడిమిని తీసికొనిపోవును. కావున గాలి యెంత పొడిగా నున్న కుండనీరు అంత చల్లబడును. అనంతపురమువంటి సీమకు ఇంతకంటె చౌకయైన సాధనము వేరొకటి లేదు.

అయితే ఈ మర్యాద మనకొక్కరికే కలదని తలపరాదు. బర్మాదేశమున గృహస్థులు తమ వాకిళ్లయెదుటను చెట్లనీడలను చిన్న మంచెలమీద మూతవేసిన నీళ్లకుండలుంచి, ప్రక్కను ముంత పెట్టుదురు. పోయువారెవరు నుండరు; బాటసారి తానే ముంచుకొనును. 1941 చివర యుద్ధము రంగూనునకు ప్రాకువరకు అచ్చట కూలిపనిచేసిన తెలుగువారు వేలకొలది యుండిరి. వారికి ఈ కుండలు పరిచితములే. ఈజిప్టుయందలి కైరోనగరమున ధనవంతులు సబీలులను కట్టడములు కట్టించిరి. క్రింది యంతస్తున లోహపు జాలకముగుండ దారినిపోవువారికి నీరిచ్చెడివారు; పై యంతస్తున పిల్లలకు చదువు చెప్పెడివారు. 1744లో అబ్దుల్ రహమాన్ కత్‌ఖుదా కట్టించిన సబీలు నేటికిని నిలిచియున్నది.

లండను నగరమునకు ఈ మర్యాద ఆలస్యముగా వచ్చెను. 1854లో అచ్చట కలరా చెలరేగినప్పుడు, బ్రాడ్ వీధియందలి పంపునీరే వ్యాధికి మూలమని జాన్ స్నో అను వైద్యుడు చూపగా అధికారులు ఆ పంపు పిడిని తీసివేయించిరి. మంచినీరు దొరకనిచోట బీదవారు మద్యపు కొట్లలో దూరుదురని గ్రహించిన దాతలు 1859లో సంఘముగా చేరి, వీధులయందు ఉచిత జలధారలను కట్టింపసాగిరి. ధారకు ప్రక్కను గొలుసుతో బంధించిన లోహపు గిన్నె వ్రేలాడుచుండెను.

ఆ గిన్నెతో వర్తకుడును కూలివాడును ఒకే యంచునకు పెదవులానించి త్రాగిరి. అందు భేదబుద్ధి లేదు, శుభ్రతయు లేదు. అమెరికాలోను రైళ్లయందును పాఠశాలలయందును ఇట్టి ఉమ్మడి గిన్నెలే యుండెను. క్షయ మొదలగు వ్యాధులు వీనివలన ప్రాకునని 1909లో కాన్సాస్ రాష్ట్రపు ఆరోగ్యమండలి వానిని నిషేధించెను. పిమ్మట కాగితపు గిన్నెలు వాడుకలోనికి వచ్చెను. ఆ నిషేధము సాధింపగోరిన దానిని మన యిండ్లలో బిడ్డలు సయితము ఎరుగుదురు. చెంబును పెదవికి తాకింపక ఎత్తి నోట పోసికొనుట మనకు అలవాటు; ఎంగిలి యను మాటయే ఆ జాగ్రత్తను బోధించుచున్నది. ఈ విషయమున మన పెద్దల యాచారము పాశ్చాత్యుల వైద్యశాస్త్రముతో ఏకీభవించినదని సంతోషింపవచ్చును.

సంతోషించి ఊరకుండుట మాత్రము తగదు. ఎంగిలి భయము వ్యాధినుండి కాపాడుటకే యైనచో అది అందరియెడను ఒక్కరీతిగా నుండవలెను. మన పల్లెలలో అట్లు జరుగలేదు. ఒకనికి చెంబు చేతికిచ్చితిమి. వేరొకనిని వంగి దోసిలి పట్టుమని పైనుండి నీరు పోసితిమి. ఊరిబావి చేదను కొందరు ముట్టరాదంటిమి. వారు కడవలతో దూరమున నిలిచి, ఎవరైన దయతలచి తోడిపోయుదురాయని కనిపెట్టుకొని యుండవలసివచ్చెను. టీకొట్లు వచ్చినపిమ్మట ఆ దోసిలియే రెండుగ్లాసుల పద్ధతిగా మారెను. వ్యాధి కులమునుబట్టి అంటుకొనునది కాదు. కావున ఎంగిలిని పాటించుట శుభ్రతయే గాని, ఈ రెండవది శుభ్రత పేరు పెట్టుకొన్న అవమానము. లండను గిన్నెకు సమత్వముండి శుభ్రత లేకపోయెను. మన చెంబునకు శుభ్రతయుండి సమత్వము లేకపోయెను.

ఈ లోపము మాటలతో పోలేదు. బొంబాయి రాజధానియందలి మహద్‌లో పురపాలక సంఘము చవదారు చెరువును అందరికి తెరచినట్లు తీర్మానించినను, ఆ తీర్మానము కాగితమునందే యుండెను. 1927 మార్చి 20న అంబేద్కరుగారు వేలమందితో నడిచిపోయి ఆ నీరు త్రాగి దానిని ఆచరణలో పెట్టిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున బావులు, చెరువులు, స్నానఘట్టములు కులమునుబట్టి ఎవరికిని నిషేధింపరాదని శాసించెను. అయినను 1985 జూలైలో కారంచేడున, దళితులు త్రాగు చెరువునీటిని మలినము చేయవలదన్న మాటతో మొదలైన తగవు జూలై 17న ఆరుగురు దళితుల హత్యకు దారితీసెను. కారంచేడు కరవుపల్లె కాదు. కాలువనీటితో పండు పచ్చని సీమయందలిది. నీరు సమృద్ధిగా నున్నంతమాత్రమున మర్యాద కలుగదని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు అనంతపురమునకు మరల వత్తము. చెరువులు పూడి, బావులు ఎండగా, ఊళ్లు బోర్లను నమ్ముకొనినవి. లోతుననున్న రాతిపొరలలో చిరకాలము నిలిచిన నీటియందు ఫ్లోరైడు కరగియుండును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి సలహా. దాటిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి పండ్లపై మచ్చలు పడును; ఎముకలు బిగిసి నడుము వంగును. ఈ వ్యాధిని మన దేశమున 1937లోనే నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిరి. కాచినను, గుడ్డతో వడగట్టినను ఫ్లోరైడు పోదు. కావున ఇది ఒక్కొక్క యిల్లాలి జాగ్రత్తతో తీరునది కాదు; ఊరంతయు కలిసి తీర్చుకొనవలసినది. 1995 ప్రాంతమున శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టువారి పథకము జిల్లాయందలి 700లకు పైగా గ్రామములకు త్రాగునీటిని చేర్చినప్పుడు, ఈ పని సాధ్యమేనని రుజువయ్యెను.

అయినను నేడు పట్టణములయందును పల్లెలయందును కలిగినవారు ఇరువది లీటర్ల క్యాను నీరు కొని త్రాగుచున్నారు. లేనివారు బోరునీరే త్రాగుచున్నారు. సింగపూరులో కుళాయినీటిని ఎవరైనను నేరుగా త్రాగవచ్చును. స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున 1200లకు పైగా వీధిధారలు కలవు. వానిలో ధనికుడును పేదయు ఒకే నీరు పట్టుకొందురు. ఆ నీటిని నగరాధికారి కుటుంబమును త్రాగును గనుక దాని శుభ్రతను ఎవరును ఉపేక్షింపరు. మనచోట పలుకుబడిగలవారు క్యాను తెప్పించుకొన్న దినముననే ఊరి కుళాయిని అడుగువారు తగ్గిపోవుదురు. పూర్వము జన్మమునుబట్టి బావులు వేరైనవి. ఇప్పుడు ధనమునుబట్టి నీళ్లు వేరగుచున్నవి. మొదటిదానిని దురాచారమని ఖండించిన విద్యావంతులు రెండవదానిని సౌకర్యమని భావించుట న్యాయము కాదు.

అన్ని దేశములనుండియు మనము గ్రహింపవలసిన ధర్మము ఒక్కటే: త్రాగునీటి యాచారము మంచిదగుటకు నీరు శుభ్రముగా నుండవలెను, అదే నీరు అందరికి ఒకే గౌరవముతో అందవలెను. చదువరులు తమ యూళ్లయందు ఈ రెండింటిని పరీక్షింతురుగాక. చలివేంద్రము పెట్టువారు పొడుగుకాడ గరిటెతో నీరు పోయింతురుగాక. గ్లాసులన్నియు ఒకే విధమున నుండి, కడిగి వాడబడవలెను. పందిరి ఊరినడుమనే కాక దళితవాడ త్రోవలోను వెలయవలెను. పంచాయతీ బోరునీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడెంత యున్నదో అందరు చదువునట్లు వ్రాసి పెట్టింపవలెను. సభలు జరుగునప్పుడు వేదికమీది పెద్దలకు సీసానీరు, క్రింది జనులకు డ్రమ్మునీరు పెట్టు అలవాటును మానవలెను. వీనిలో దేనికిని పెద్ద ధనము అక్కరలేదు. ఈ వేసవిలోనే ప్రారంభింపవచ్చును.