బుద్ధి పరీక్షలో వచ్చిన అంకె – తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

బుద్ధి పరీక్ష అయిన వెంటనే "ఎన్ని వచ్చాయి సిస్టర్?" అని తల్లులు అడుగుతారు. ఇంకొక ప్రశ్న కూడా అడగండి: "మరో రోజు పరీక్ష పెట్టినా ఇదే నిర్ణయం వస్తుందా?"

ఎందుకు అడగాలి?

ఐ.క్యూ. పరీక్షలో సగటు 100. సుమారు 70 లేక అంతకు తక్కువ వస్తే మేధో వైకల్యం ఉందేమోనని చూస్తారు. మంచి పరీక్షలో కూడా స్కోరు దాదాపు 5 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. 45 వచ్చిన బిడ్డ విషయంలో ఆ తేడా వల్ల నిర్ణయం మారదు. 68 వచ్చిన బిడ్డకు మరోసారి 72 రావచ్చు. అప్పుడు నిర్ణయమే మారిపోతుంది. కనుక 70 దగ్గరి స్కోరును ఒక్కదాన్నే నమ్మకూడదు. రోజువారీ పనులు బిడ్డ ఎలా చేసుకుంటున్నదీ చూడాలి.

సర్టిఫికెట్ విషయం

అందుకే సామాజిక పరిణతి పరీక్ష కూడా చేస్తారు. దీనిలో జవాబులు చెప్పేది మీరే. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలలో ఈ స్కోరు 69 అయితే వైకల్యం 50 శాతం, 70 అయితే 25 శాతం. 2016 చట్టం ప్రకారం ఉద్యోగ రిజర్వేషన్ వంటి వాటికి కనీసం 40 శాతం ఉండాలి. ఒక్క పాయింటుతో ఎంత తేడా వస్తుందో చూడండి!

మీరు చేయవలసినవి

1. బిడ్డకు బాగా నిద్ర, తిండి అయ్యాక తీసుకురండి. కళ్లద్దాలు, చెవి మిషను మరువకండి.
2. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే చెప్పండి.
3. బిడ్డ చేయగలిగినవి, చేయలేనివి ఉన్నది ఉన్నట్లు చెప్పండి.
4. అదే పరీక్ష వెంటనే మళ్లీ పెడితే అలవాటు వల్ల స్కోరు పెరగవచ్చు. ఎన్నాళ్లు ఆగాలో సైకాలజిస్టును అడగండి.

అంకె ఉన్నది బిడ్డకు సాయం చేయడానికే. దానిని చూసి బడి మాన్పించకండి.