వెళ్లే హక్కు, ఉండే హక్కు : ఉత్తరాఖండ్ కొండ గ్రామాల అనుభవం

మన రాజ్యాంగంలోని 19వ అధికరణ భారత పౌరునికి రెండు స్వేచ్ఛలను పక్కపక్కనే ప్రసాదించింది. దేశమంతటా నిరాటంకంగా సంచరించడం ఒకటి. దేశంలో ఏ ప్రాంతంలోనైనా నివసించి స్థిరపడడం రెండవది. ప్రజాహితం కొరకు, షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ కొరకు సమంజసమైన పరిమితులు విధించే అవకాశం ఉన్నప్పటికీ, మూలసూత్రం సుస్పష్టమైనది. ఒక రాష్ట్రంలో పుట్టినవాడు మరొక రాష్ట్రంలో పరాయివాడు కాడు.

ఈ స్వేచ్ఛను వినియోగించుకొనేవారి సంఖ్య స్వల్పమైనది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అంతకు ముందు నివసించిన చోటు విడిచి వేరొక చోట ఉంటున్నవారు 45 కోట్లకు పైగా ఉన్నారు. వీరిలో అధిక సంఖ్యాకులు సొంత రాష్ట్రంలోనే మారినవారు. వివాహ కారణంగా అత్తవారింటికి వెళ్లిన స్త్రీలు చాలామంది. రాష్ట్రపు ఎల్లలు దాటినవారు 5 కోట్లకు పైబడి ఉన్నారు.

అయితే స్వేచ్ఛ ఉన్నంతమాత్రాన ప్రతి నిర్ణయమూ స్వేచ్ఛగా జరిగినదని చెప్పలేము. వెళ్లదలచినవారు వెళ్లగలగాలి, ఉండదలచినవారు ఉండగలగాలి. రెండవది లోపించినచోట మొదటిది హక్కుగా గాక, తప్పనిసరి అయిన దారిగా మారుతుంది. ఈ సత్యాన్ని గ్రహించడానికి ఉత్తరాఖండ్ కొండ జిల్లాలు తగిన ఉదాహరణ.

మనియార్డరు నాటి వలస

ఉత్తరప్రదేశ్ నుండి విడివడి 2000 నవంబరు 9న ఉత్తరాంచల్ పేరుతో ఏర్పడిన ఈ రాష్ట్రానికి 2007లో ఉత్తరాఖండ్ అనే పేరు వచ్చింది. హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ ప్రధానంగా మైదాన జిల్లాలు. గఢ్వాల్, కుమావూఁ ప్రాంతాలలోని తక్కిన జిల్లాలలో చాలావరకు కొండలే.

కొండ విడిచి మైదానానికి రావడం అక్కడివారికి కొత్త కాదు. గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం పౌరీ జిల్లాలోని లాన్స్‌డౌన్‌లోను, కుమావూఁ రెజిమెంటు కేంద్రం అల్మోరా జిల్లాలోని రాణీఖేత్‌లోను ఉన్నాయి. తరతరాలుగా కొండ యువకులు సైన్యంలో చేరారు. ఢిల్లీ, లక్నో వంటి నగరాలలో చిన్న పెద్ద కొలువులు చేశారు. వారు పంపిన డబ్బుతోనే ఇళ్లు గడిచేవి. అందువల్లనే పరిశీలకులు దీనిని 'మనియార్డరు ఆర్థిక వ్యవస్థ' అని వ్యవహరించారు.

ఆ పాత పద్ధతిలో పురుషుడు వెళ్లేవాడు, ఇల్లు నిలిచేది. సేద్యం, పశుగ్రాసం, వంటచెరకు, నీరు ఇవన్నీ స్త్రీ భుజస్కంధాలపై ఉండేవి. 1974 మార్చిలో చమోలీ జిల్లా రేణీ గ్రామంలో గౌరాదేవి నాయకత్వాన చెట్ల నరికివేతను అడ్డుకొన్నవారు స్త్రీలే; ఆనాడు పురుషులు పనిమీద ఊరు విడిచి వెళ్లి ఉన్నారు. 2011 లెక్కలలో దేశమంతటికీ ప్రతి 1,000 మంది పురుషులకు 943 మంది స్త్రీలు ఉండగా, అల్మోరాలో 1,139 మంది, పౌరీలో 1,103 మంది ఉండడానికి పురుషుల వలస ఒక ముఖ్య కారణం.

వలస నుండి పలాయనానికి

నేడు మారినది ఈ పద్ధతియే. ఇప్పుడు వెళ్లుతున్నది ఒక మనిషి కాదు, కుటుంబం. స్థలమార్పును తెలిపే 'ప్రవాస్' అనే మాట హిందీలో ఉన్నప్పటికీ, అక్కడి పత్రికలలోను, ప్రజల నోటను వినిపించేది 'పలాయన్' అనే మాట. తెలుగులో పలాయనమంటే పారిపోవడం. హిందీలోనూ ఆ అర్థం చెరిగిపోలేదు. ఆ పదప్రయోగంలోనే కొండవారి ఆవేదన ధ్వనిస్తున్నది.

2001లో 6,97,078గా ఉన్న పౌరీ గఢ్వాల్ జిల్లా జనాభా 2011 నాటికి 6,87,271కి తగ్గింది. అల్మోరా జనాభా 6,30,567 నుండి 6,22,506కు దిగింది. అదే దశాబ్దంలో డెహ్రాడూన్, హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ జిల్లాల జనాభా మాత్రం 30 శాతానికి మించి పెరిగింది.

ఈ సమస్యను పరిశీలించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2017లో పౌరీ కేంద్రంగా ఒక కమిషన్‌ను నెలకొల్పింది. 2018లో వెలువడిన దాని నివేదిక ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో శాశ్వతంగా గ్రామం విడిచినవారు 1,18,981 మంది. వెళ్లినా అప్పుడప్పుడు వచ్చిపోతున్నవారు 3,83,726 మంది. 2011 తర్వాత పూర్తిగా నిర్మానుష్యమైన గ్రామాలు, మజరాలు 734. సుమారు 50 శాతం మంది ఉపాధి కొరకు, 15 శాతం మంది చదువు కొరకు, 9 శాతం మంది వైద్య సౌకర్యం లేక వెళ్లారు. వెళ్లినవారిలో 42 శాతం మంది 26, 35 ఏళ్ల మధ్య వయస్కులు.

ఒకరి నిర్ణయం, మరొకరి భారం

ఈ అంకెలు తెలిపే కారణాలు విడివిడిగా కనిపించినా, ఒక ఇంటిలో అవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదట కుమారుడు జీతం కొరకు వెళ్లుతాడు. పిల్లలు ఎదిగిన తర్వాత మంచి బడి కొరకు కోడలు వారిని తీసుకొని పట్టణానికి చేరుతుంది. తల్లిదండ్రులు మిగులుతారు. ఒకనాడు జబ్బు చేస్తే, ఆసుపత్రికి దగ్గరగా ఉండాలని వారూ కొండ దిగుతారు. ఇల్లు విడవాలని ఎవరూ ఏ ఒక్కనాడూ తీర్మానించలేదు. అయినా తలుపుకు తాళం పడుతుంది.

ఇంతకంటె గమనింపదగినది మరొకటి ఉన్నది. వెళ్లిన ప్రతి కుటుంబం, మిగిలిన కుటుంబాల నిలకడను కష్టతరం చేస్తున్నది. నలుగురు పిల్లలు తగ్గితే బడి మూతపడే స్థితి వస్తుంది. బడి మూతపడితే పిల్లలున్న మరొక ఇల్లు కదలుతుంది. ప్రయాణికులు తగ్గితే జీపు రాదు. కొనేవారు తగ్గితే దుకాణం నిలువదు.

భూమి విషయమూ ఇట్టిదే. కొండవాలులో మెట్లు మెట్లుగా మలచిన చిన్న మడులు, వానపై ఆధారపడిన సేద్యం. ఒకే రైతు భూమి అనేక తావులలో చెదరి ఉంటుంది. అన్నదమ్ముల వాటాలు ఉమ్మడి ఖాతాలో ఉంటాయి. వెళ్లినవాడు తన వాటాను దున్నడు, విడువడు. బీడుపడిన మడిలో పొదలు పెరుగుతాయి. అడవిపందులు, కోతులు పక్కమడిలోని పంటను పాడుచేస్తాయి. ఆ పక్కరైతు కూడా మరుసటి ఏడు విత్తనం చల్లడానికి వెనుకాడుతాడు.

రెండు వైపుల న్యాయం

ఇందువల్ల వెళ్లినవారిని నిందించడం న్యాయం కాదు. నెత్తిపై గడ్డిమోపులు, బిందెలు మోసిన తల్లి, తన కుమార్తెకు ఆ బరువు వద్దని కోరుకోవడం తప్పెలా అవుతుంది? కొండ అందం కొరకు, పూర్వుల ఇంటి కొరకు నీవు ఇక్కడే ఉండుమని ఒక యువతిని ఆదేశించే అధికారం ఎవరికీ లేదు. పైగా వెళ్లినవారిలో సుమారు 70 శాతం మంది సొంత రాష్ట్రంలోనే, సమీప పట్టణాలలోనో, ఇతర జిల్లాలలోనో స్థిరపడ్డారు. వారు రాష్ట్రాన్ని కాదు, సౌకర్యాలు లేని ఊరిని విడిచారు.

నష్టం కూడా వాస్తవమే. గఢ్వాలీ, కుమావూఁనీ భాషలను యునెస్కో ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో చేర్చింది. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో కొండ ప్రాంతాల శాసనసభ స్థానాలు తగ్గాయి. మనుషులతోపాటు వారి గొంతుకకు గల బలమూ కొండ దిగినది. పిథౌరాగఢ్, చమోలీ, ఉత్తరకాశీ సరిహద్దు జిల్లాలు. అక్కడ ఊళ్లు నిలవడం దేశమంతటికీ సంబంధించిన విషయం. సరిహద్దు గ్రామాల అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించడానికి ఇదే నేపథ్యం.

2020లో కోవిడ్ మహమ్మారి వేళ లక్షలాది మంది తిరిగి కొండలకు చేరారు. తాళాలు తీశారు, కొందరు బీడులు దున్నారు. ప్రభుత్వం స్వయం ఉపాధికి రుణ పథకం ప్రారంభించింది. కొందరు కోళ్ల పెంపకమో, దుకాణమో పెట్టుకొని నిలిచారు. నగరాలు తెరుచుకొన్న వెంటనే అనేకులు మరల వెళ్లిపోయారు. ఊరిపై మమకారం మనిషిని ఇంటికి రప్పించగలదు గాని, ఇంటిలో నిలపలేదని ఆ అనుభవం తెలిపింది.

కావలసినది

నిలువదలచినవారికి ఉపాధ్యాయుడున్న బడి, వైద్యుడున్న ఆసుపత్రి, రైతుల సమ్మతితో చెదరిన మడుల ఏకీకరణ, మండువా (రాగులు), ఝంగోరా (ఊదలు) వంటి కొండ పంటలకు గిట్టుబాటు ధర కావాలి. వెళ్లదలచినవారికి వెళ్లినచోట భద్రత కావాలి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కొరకు పార్లమెంటు 1979లో చట్టం చేసింది. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ ఒకే రేషన్ కార్డు విధానంలో చేరడంతో, ఒక ఊరి కార్డుపై మరొక రాష్ట్రంలో ధాన్యం పొందే వీలు కలిగింది. ఈ రెండు బాధ్యతలలో ఒకటి నెరవేర్చి రెండవది విడిచిపెట్టరాదు.

పాలమూరు, శ్రీకాకుళం వలసలను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ గాథ కొత్తది కాదు. ఏ ప్రాంతంలోనైనా ఒక కుటుంబం వెళ్లినదా, నిలిచినదా అని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. రెండవ దారి వారికి నిజంగా తెరచి ఉన్నదా అని కూడా విచారించాలి.

ఆలోచనకు, చర్చకు

1. పురుషుడు మాత్రమే వెళ్లే వలసకు, కుటుంబమంతా వెళ్లే వలసకు గ్రామంపై పడే ప్రభావంలో భేదమేమి?

2. పిల్లలు తగ్గిన బడిని మూయడం మేలా, నడపడం మేలా? గ్రామం వైపు నుండి, ప్రభుత్వం వైపు నుండి వాదించండి.

3. మీ ఊరి నుండి వెళ్లిన ఒక కుటుంబం, నిలిచిన ఒక కుటుంబం చెప్పే కారణాలను అడిగి తెలుసుకొని పోల్చి వ్రాయండి.