మున్సిపాలిటీ కరెంటు బిల్లులో ఉన్న కొలువు

మీ ఊరి మున్సిపాలిటీ నెలకు ఎంత కరెంటు బిల్లు కడుతోందని అడిగితే అకౌంట్స్ సెక్షన్లో టక్కున చెబుతారు. అందులో తాగునీటి పంపుల వాటా ఎంత, వీధి దీపాలది ఎంత అంటే కాస్త ఫైళ్లు తిరగేస్తారు. ఫలానా పంపు వెయ్యి లీటర్ల నీళ్లు ఎక్కించడానికి ఎన్ని యూనిట్లు తీసుకుంటోందంటే మాత్రం చాలాచోట్ల జవాబు దొరకదు. ఆ జవాబు రాబట్టి, ఖర్చు తగ్గించే దారి చూపి, దానికి కౌన్సిల్‌ను ఒప్పించే పత్రమే పట్టణ ఇంధన పొదుపు ప్రణాళిక. అది రాయగలిగినవాళ్లకు పని ఉంది. కానీ 'ఎనర్జీ ప్లానర్ కావలెను' అన్న ప్రకటన కోసం చూస్తూ కూర్చుంటే మాత్రం వయసు దాటిపోతుంది.

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) 2002 మార్చిలో మొదలైంది. పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలోనే మున్సిపాలిటీల కోసం బీఈఈ ప్రత్యేక కార్యక్రమం చేపట్టి, చాలా పట్టణాల్లో ఎనర్జీ ఆడిట్లు చేయించింది. సవివర ప్రాజెక్టు నివేదికలు (డీపీఆర్‌లు) తయారయ్యాయి కానీ పనులు ఆ స్థాయిలో సాగలేదు. నా దృష్టిలో లోపం ఇంజినీరింగ్‌ది కాదు. లెక్క చేసినవాళ్లు వేరు, డబ్బు తేవాల్సినవాళ్లు వేరు, రేపు పంపు నడపాల్సినవాళ్లు ఇంకొకరు. ఈ ముగ్గురితో మాట్లాడగలిగేవాళ్లకే ఇక్కడ విలువ.

పని బిల్లులతో మొదలవుతుంది. పన్నెండు నెలల బిల్లులు, సర్వీస్ నంబర్ల వారీగా. ఒక్కో నంబరు పట్టుకుని క్షేత్రానికి వెళ్లి, ఆ మీటరు వెనకాల ఏముందో చూడాలి. బోరు ఎండిపోయి మోటారు తీసేసినా కనీస చార్జీలు పడుతూనే ఉండే సర్వీసులు బయటపడతాయి. మధ్యాహ్నం కూడా వెలిగే వీధి దీపాలు కనిపిస్తాయి. కెపాసిటర్లు కాలిపోయి పవర్ ఫ్యాక్టర్ పడిపోయిన పంపు హౌసులూ ఉంటాయి. హెచ్‌టీ (హైటెన్షన్) సర్వీసైతే ముందు సీఎండీ, అంటే ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్ చూడండి. మన రాష్ట్రాల టారిఫ్ ప్రకారం డిమాండ్ చార్జీ ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్ మీదగానీ, సీఎండీలో 80 శాతం మీదగానీ, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. 500 కేవీఏకి ఒప్పందం చేసుకున్న పంపు హౌసు ఏడాది పొడవునా 280 దాటకపోతే, కట్టేది మాత్రం 400కి. ఒప్పందాన్ని 350కి తగ్గిస్తే బిల్లు 280 మీద పడుతుంది. కేవీఏకి రూ.475 అనుకున్నా నెలకు రూ.57 వేలు మిగులు. ఒక్క బోల్టు కొనక్కర్లేదు, డిస్కంకు దరఖాస్తు పెడితే చాలు. అయితే ఎండాకాలం డిమాండ్ చూడకుండా తగ్గిస్తే పెనాల్టీ పడుతుంది. అందుకే పన్నెండు నెలల బిల్లులు కావాలన్నది.

అసలు సొమ్ము నీళ్లలో ఉంది. హైదరాబాద్ సంగతే చూడండి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి పైకెక్కి రావాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. నగరం సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. చిన్న పట్టణంలో ఇంత ఎత్తు ఉండదు కానీ సూత్రం ఒకటే. రోజుకు కోటి లీటర్లు, 60 మీటర్ల హెడ్ అనుకోండి. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 50 శాతమైతే రోజుకు సుమారు 3,270 యూనిట్లు కావాలి. అదే 70 శాతమైతే 2,340 చాలు. తేడా ఏడాదికి 3.4 లక్షల యూనిట్లు, యూనిట్ రూ.7 చొప్పున దాదాపు రూ.24 లక్షలు. ఈ లెక్క ఇంటర్ ఫిజిక్సే. కష్టమల్లా ఆ 50 శాతం అన్న అంకెను నమ్మకంగా పట్టుకోవడంలో ఉంది. అల్ట్రాసోనిక్ ఫ్లో మీటరు పైపుకు బిగించాలి, ప్రెజర్ గేజ్ పనిచేస్తోందో లేదో చూడాలి, పవర్ ఎనలైజర్ తగిలించాలి. పంపు ఆపరేటరు వాల్వు ఎందుకు సగం మూసి నడుపుతున్నాడో అతన్నే అడగాలి. చాలాసార్లు అవసరానికి మించిన పంపు కొని, ప్రవాహాన్ని వాల్వుతో అణచి పెడుతుంటారు. అది పేపరు మీద కనబడదు, ఆపరేటరు చెబితేనే తెలుస్తుంది.

వీధి దీపాల ముచ్చట చాలావరకు అయిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఛిద్రం చేశాక, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ అక్కడ సుమారు 90 వేల ఎల్ఈడీ దీపాలు బిగించింది. 2015 జనవరిలో దేశవ్యాప్త పథకం వచ్చింది, తర్వాత హైదరాబాద్ కూడా మారిపోయింది. ఇప్పుడు మిగిలింది నిర్వహణ: ఆరిపోయినవి ఎన్ని రోజుల్లో వెలుగుతున్నాయి, కాంట్రాక్టు ముగిశాక ఎవరు చూస్తారు అన్నవే ప్రశ్నలు.

భవనాల వైపు మొగ్గేవాళ్లు, ముఖ్యంగా ఆర్కిటెక్చర్, ప్లానింగ్ విద్యార్థులు, భవనాల ఇంధన పొదుపు నియమావళి (ఈసీబీసీ)ని, తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీని చదివి ఉండాలి.

ఇక డబ్బు. ఎస్కో (ఎనర్జీ సర్వీస్ కంపెనీ) పద్ధతిలో ప్రైవేటు సంస్థే పెట్టుబడి పెట్టి, ఆదా అయిన సొమ్ములోంచి వాటా తీసుకుంటుంది. తగవంతా 'ఎంత ఆదా అయింది' అన్న దగ్గరే వస్తుంది. కొత్త కాలనీకి నీళ్లు ఇచ్చారు కాబట్టి యూనిట్లు పెరిగాయని ఒకరు, కొత్త పంపు పనిచేయడం లేదని ఇంకొకరు అంటారు. అందుకే ప్రణాళికలో పని మొదలుకాక ముందటి ఏడాది అంకెలు, కొలిచే పద్ధతి ఇద్దరి సంతకాలతో ముందే ఉండాలి. కామర్స్, ఎకనామిక్స్ చదివినవాళ్లకు చోటు ఇక్కడే. అసలీ భాగం రాయగల ఇంజినీర్లు తక్కువ.

మరి ఉద్యోగం ఎవరిస్తారు? ఎనర్జీ ఆడిట్ సంస్థలు, ఎస్కోలు, డీపీఆర్‌లు రాసే కన్సల్టెన్సీలు. ప్రభుత్వంలో అయితే ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ భర్తీ చేసే అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) పోస్టులు. వాటి నుంచి మున్సిపల్ ఇంజినీరింగ్‌లోకి వెళ్లినవాళ్లకు ఈ పరిజ్ఞానం నేరుగా పనికొస్తుంది. బీఈఈ జాతీయ పరీక్షలో మూడు పేపర్లు పాసైతే ఎనర్జీ మేనేజర్, నాలుగోది కూడా పాసైతే ఎనర్జీ ఆడిటర్. బీటెక్ తర్వాత మూడేళ్లు, డిప్లొమా తర్వాత ఆరేళ్ల అనుభవం అడుగుతున్నారు; దరఖాస్తుకు ముందు తాజా నోటిఫికేషన్ చూసుకోండి. అనుభవం కావాలి కాబట్టి కాలేజీ నుంచి నేరుగా ఈ పరీక్షకు వెళ్లలేరు. మొదటి మూడేళ్లు పంపులు, మోటార్ల నిర్వహణలో గడిపినా నష్టం లేదు. ఆఫీసులో రిపోర్టులు కాపీ పేస్ట్ చేసే కొలువు కన్నా అదే మేలు.

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ నగరాలకు, కౌంటీలకు ఇంధన పొదుపు గ్రాంట్ల పథకం ఉంది. 2009లో 320 కోట్ల డాలర్లు, 2021 చట్టంలో 55 కోట్ల డాలర్లు దానికి కేటాయించారు. గ్రాంటుకు నగరం తన పొదుపు వ్యూహాన్ని రాసి ఇవ్వాలి. ఆ వ్యూహ పత్రాల్లో చాలావాటిని నగరాలే ప్రచురించాయి. ఇక్కడే ఉండేవాళ్లకూ నమూనాలుగా పనికొస్తాయి.

ఫైనలియర్‌లో ఉంటే రెడీమేడ్ ప్రాజెక్టు కొనకండి. మీ హెచ్‌ఓడీ ద్వారా కమిషనర్‌కు లేఖ పెట్టి, ఒకే ఒక్క పంపు హౌసు ఏడాది బిల్లులు, లాగ్‌బుక్ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఆ ఒక్క పంపు మీద మీరు రాసే పది పేజీలు ఇంటర్వ్యూలో మీ మార్కుల జాబితా కన్నా ఎక్కువ మాట్లాడతాయి.