గోటిపై నల్లచార - లేజరు చికిత్స

మా పాఠశాలలో సోమవారమునాడు ప్రార్థన ముగిసినపిదప పిల్లల గోళ్లను పరీక్షించు వాడుక కలదు. ఒకనాడు ఒక బాలిక తన ఎడమచేతి బొటనవ్రేలిని పిడికిలిలో దాచికొని నిలిచినది. వ్రేలు చాపుమనగా, గోటి మొదలునుండి కొనవఱకు సన్నని గోధుమవన్నె చార యొకటి కనబడెను. తోటిపిల్లలు దానిని సిరామరక యనిరి. కొందఱు మురికి యనిరి. సబ్బుతో ఎంత తోమినను పోలేదని ఆ బాలిక కంట తడిపెట్టెను. ఇంటివారు ఒక సౌందర్యశాల ప్రకటనను చూచి, లేజరు కాంతితో దానిని చెరిపివేయింపదలచి యుండిరట.

ఆ చార యేమి? అది యెట్లు పుట్టును? దానిని కాంతితో చెరుపవచ్చునా? చెరుపవచ్చునన్నచో, ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు? ఇవి ఆ బాలికకు మాత్రమే చెందిన ప్రశ్నలు కావు. మనవంటి చామనచాయ ప్రజలలో ఇట్టి చారలు అరుదు కానందున, ఈ విషయమును మన బాలబాలికలకు తెలియజేయుట మంచిదని తలచుచున్నాము.

గోరు పెరుగు విధము

మనకు పైకి కనబడు గోటిపలక ప్రాణములేని పదార్థము. అది కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. ప్రాణముగల భాగము గోటి మొదట, చర్మపు మడతక్రింద దాగియున్నది. దానిని గోటిమూలము అందము. బొటనవ్రేలి గోటిమొదట తెల్లగా అర్ధచంద్రాకారమున కనబడునది ఈ మూలముయొక్క ముందుభాగమే. అక్కడ కణములు ఎడతెగక పుట్టుచు, గట్టిపడి, ముందునకు త్రోయబడుచుండును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కాలిగోరు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. కావున చేతిగోరు పూర్తిగా క్రొత్తదగుటకు ఆఱు నెలలును, కాలి బొటనవ్రేలి గోరు క్రొత్తదగుటకు ఏడాదినుండి ఏడాదిన్నరయు పట్టును.

దీనిని మన ఆడపిల్లలు ప్రతి ఆషాఢమునను కన్నులార చూచుచునే యున్నారు. గోరింటాకు పెట్టుకొన్న కొన్నివారములకు గోటిమొదట తెల్లని క్రొత్తగోరు చంద్రవంకవలె కనబడును. ఎఱ్ఱదనము క్రమముగా కొనకు జరిగి, తుదకు గోళ్లు తీయునప్పుడు రాలిపోవును. మన ఇరుగుపొరుగు తమిళ సోదరులు మరుదాణి యని పిలుచు ఈ ఆకు గోటిపలకకే రంగు పట్టించును గాని గోటిమూలమును తాకదు. తలుపు సందున వ్రేలు నలిగినపుడు గోటిక్రింద గడ్డకట్టిన నెత్తురును సామాన్యముగా ఇట్లే ముందునకు జరిగి పోవును.

నల్లచార అట్లు పోదు. గోరు ఎంత పెరిగినను అది మొదలునుండి కొనవఱకు నిలిచియే యుండును. కారణము మన చేనేతవారి బిడ్డలకు సులువుగా బోధపడును. పడుగులో ఒక నల్లపోగు కలిసినచో, నేసిన బట్టయంతటను పొడవున నల్లచార వచ్చును. బట్టను ఎంత ఉదికినను అది పోదు. మగ్గముమీద ఆ పోగు ఉన్నంతకాలము చార వచ్చుచునే యుండును. గోటిమూలమే మగ్గము, చార పుట్టుచోటు అక్కడ నున్నది.

రంగు ఎక్కడనుండి వచ్చును?

మన చర్మమునకును వెండ్రుకలకును రంగునిచ్చు పదార్థము మెలనిన్. దానిని తయారుచేయు వర్ణకణములు గోటిమూలమునందును కలవు గాని, చర్మములోకన్న తక్కువగా నుండి, పెక్కు నిద్రాణస్థితిలో నుండును. అవి ఒకచోట మేల్కొని మెలనిన్‌ను గోటికణములకు అందించుట మొదలిడినచో చార ఏర్పడును. వైద్యులు దీనిని మెలనోనికియా యందురు. ఇది నలుపు, గోరు అను అర్థములుగల రెండు గ్రీకు పదములనుండి పుట్టినది.

వర్ణకణములు మేల్కొనుటకు హేతువులు అనేకములు. నల్లని మేనిఛాయగల జాతులలో ఇది సహజము. ఆఫ్రికా సంతతివారిలో ఏబది యేండ్లు దాటినపిదప దాదాపు అందఱికిని ఒకటో రెండో చారలుండును; జపానువారిలో నూటికి 10 నుండి 20 మందికి కలవని లెక్కలు తెలుపుచున్నవి. బిగువైన చెప్పుల ఒఱపిడి, గోళ్లు కొఱకు అలవాటు, గర్భధారణ, విటమిన్ బి12 లోపము, అడ్రినల్ గ్రంథులకు సంబంధించిన అడిసన్ వ్యాధి, హైడ్రాక్సీయూరియావంటి కొన్ని మందులు - ఇవియు కారణములు కావచ్చును. ఇట్టియెడల కారణమును సరిదిద్దినచో రంగు క్రమముగా తగ్గుట కలదు. బి12 లోపమున్నవారికి కావలసినది ఆ విటమినుగాని లేజరు కాదు. అయితే, మందువలన చార వచ్చినదని అనుమానించి వైద్యుని అడుగకుండ ఆ మందును మానరాదు.

కొన్నిచోట్ల వర్ణకణములు సంఖ్యలో పెరిగి, చర్మముపై పుట్టుమచ్చవంటిది గోటిమూలమున ఏర్పడును. పిల్లలలో కనబడు చారలలో ఇట్టివి ఎక్కువ. ఇవియు సామాన్యముగా హాని చేయవు. కొన్ని కాలక్రమమున వెలసిపోవును. కాని మిక్కిలి తక్కువమందిలో, ముఖ్యముగా పెద్దవయస్సువారిలో, అట్టి చారయే మెలనోమా యను ప్రాణాంతకమైన కాన్సరునకు తొలిగుర్తు కావచ్చును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

లండను శస్త్రవైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ 1886లో ఈ వ్యాధిని వర్ణించుచు దానికి ‘నల్ల గోరుచుట్టు’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను. నలుపు గోటిని దాటి చుట్టునున్న చర్మమునకు ప్రాకుట అపాయసూచకమని నేటికిని వైద్యులు ఎంచుచు, ఆ గుర్తును ఆయన పేరనే పిలుచుచున్నారు. ప్రసిద్ధ జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలివ్రేలి గోటిక్రింద పుట్టిన మెలనోమా మొదట బంతియాటలో తగిలిన దెబ్బగా తలపబడెను. వ్యాధి 1977లో బయటపడెను; 1981లో, ముప్పదియాఱేండ్ల వయస్సుననే, ఆయన మరణించెను. మేనిఛాయ నలుపైనంతమాత్రమున ఈ వ్యాధి రాదనుకొనుట పొరపాటని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

లేజరు కాంతి పనిచేయు విధము

అణువులను ప్రేరేపించి ఒకే తీరు కాంతిని వెలువరింపజేయవచ్చునను సూత్రమును ఐన్‌స్టైన్ 1917లో ప్రతిపాదించెను. 1960 మే 16వ తేదీన అమెరికాలో థియొడొర్ మైమన్ కెంపు స్ఫటికముతో తొలి లేజరును వెలిగించెను. అనతికాలముననే సిన్‌సినాటిలోని లియాన్ గోల్డ్‌మన్ అను చర్మవైద్యుడు దానిని చర్మముపై పరీక్షించెను. 1983లో ఆండర్సన్, పారిష్ అనువారు ఒక ముఖ్యసూత్రమును ప్రకటించిరి. దాని సారాంశమిది: రంగుగల వస్తువుమాత్రమే పీల్చుకొను కాంతిని ఎన్నుకొని, దానిని అతిస్వల్పకాలము ప్రసరింపజేసినచో, ఆ వస్తువు నశించును, ప్రక్కనున్నది మిగులును.

ఎండలో నల్లగుడ్డ తెల్లగుడ్డకన్న త్వరగా వేడెక్కును. అట్లే మెలనిన్ కాంతిని పీల్చి వేడెక్కును. ఇక కాలవ్యవధి సంగతి. దీపపుమంటలో వ్రేలిని నిలిపిన కాలును. చటుక్కున దాటించిన కాలదు. క్యూ-స్విచ్ లేజరు ఒక్కొక్క మెఱపు కొన్ని నానోసెకనులు మాత్రమే నిలుచును. నానోసెకను అనగా సెకనులో నూఱుకోట్లవ వంతు. ఆ లోపల వేడి ప్రక్కకు ప్రాకకమునుపే మెలనిన్ రేణువులు పగులును. ఆ తునుకలను శరీరమే క్రమముగా తొలగించును. ఇందుకు వాడు కాంతులలో కెంపు లేజరుది 694, అలెగ్జాండ్రైట్ లేజరుది 755, నియోడిమియం యాగ్ లేజరుది 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము. తరంగము పొడవైనకొలది, ఈ మేరలలో, కాంతి లోతునకు చేరును. కాని మెలనిన్ దానిని పీల్చుట తగ్గును.

గోటివద్ద ఎదురగు చిక్కులు

చర్మముపైనున్న కొన్ని మచ్చలకు ఈ సాధనము చక్కగా ఉపకరించినది. గోటివిషయము వేఱు. గోటిపలకలోని రంగును కాంతితో కాల్చుట బట్టను ఉదుకుటవంటిదే, మగ్గము మాఱదు. కాంతి గోటిమూలమునకు చేరవలెనన్నచో పైనున్న చర్మపుమడతను దాటవలెను. మన చర్మమునందును మెలనిన్ కలదు గదా! అదియు ఆ కాంతిని పీల్చును. అందుచేత నల్లనివారికి బొబ్బలు, మచ్చలు కలుగు భయము ఎక్కువ. కొందఱు వైద్యులు గోటిపలకను తొలగించి మూలముపై నేరుగా లేజరును ప్రయోగించిరి. ప్రకటింపబడినవి కొద్దిమంది రోగుల వృత్తాంతములే. కొందఱిలో చార వెలిసినది. వర్ణకణములు మిగిలినచోట రంగు మరల వచ్చుట కలదు. మూలము గాయపడినచో గోరు శాశ్వతముగా చీలవచ్చును, పలుచబడవచ్చును. నల్లపోగును తీయబోయి మగ్గమునే విఱుచుకొన్నట్లగును.

ఇంతకన్న పెద్దచిక్కు ఒకటి కలదు. లేజరు రంగును గుర్తించునేగాని రోగమును గుర్తింపదు. పుట్టుమచ్చలోని మెలనిన్‌ను, కాన్సరులోని మెలనిన్‌ను అది ఒక్కతీరుననే పగులగొట్టును. కత్తితో తీసిన ముక్కను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపవచ్చును; లేజరు చెరిపినదానినుండి పరీక్షకు ముక్క దొరకదు. రంగు వెలిసి, లోపల రోగకణములు మిగిలినచో, మనలను హెచ్చరింపవలసిన గుర్తే మాయమై కాలము వ్యర్థమగును. కావున మొదట నిర్ణయము, పిదపనే చికిత్స.

పరీక్ష

వైద్యుడు మొదట డెర్మోస్కోపు అను భూతద్దపు సాధనముతో చారలోని గీతల రంగును, వెడల్పును, ఎడమును చూచును. సందేహమున్నచో వ్రేలికి మత్తిచ్చి గోటిమూలమునుండి పలుచని పొరను తీసి పరీక్షకు పంపును. దీనినే బయాప్సీ యందురు. చార కాన్సరని తేలినచో శస్త్రచికిత్సయే మార్గము, లేజరు కాదు.

పెద్దవారిలో ఈ క్రింది గుర్తులున్నచో ఆలస్యముచేయక చర్మవైద్యునకు చూపవలెను: ఒకే వ్రేలికి క్రొత్తగా చార వచ్చుట, అందును బొటనవ్రేలికిగాని, చూపుడువ్రేలికిగాని, కాలి బొటనవ్రేలికిగాని వచ్చుట, వెడల్పు 3 మిల్లీమీటర్లు గాని అంతకు మించిగాని యుండుట, రంగు ఒక్కతీరున లేకుండుట, అంచులు చెదరుట, నలుపు చర్మమునకు ప్రాకుట, గోరు చీలుట, నెత్తురు కాఱుట, కుటుంబమున మెలనోమా యుండుట.

చార పెరుగుచున్నదా యని తెలిసికొనుటకు ఒక చిన్నలెక్క. ఒకని చేతిగోరు పొడవు 12 మిల్లీమీటర్లు. చార కొనవద్ద 2, మొదట 3 మిల్లీమీటర్ల వెడల్పున్నది. గోరు నెలకు 3 మిల్లీమీటర్లు పెరుగును గనుక, కొనవద్ద నున్న భాగము నాలుగు నెలలక్రింద తయారైనది. అనగా ఆ నాలుగు నెలలలో చార ఒక మిల్లీమీటరు వెడల్పైనది! గోరు తన చరిత్రను తానే వ్రాసికొనుచున్నది. చదువ నేర్చినవారికి అది ఉపకారి; చదువకమునుపే చెరుపువారికి కాదు.

ఎప్పుడు తగును?

చార నిరపాయమని నిపుణుడు నిర్ణయించినపిదప, అది ఎవరికైన నిజముగా మనోవ్యధ కలిగించుచున్నచో, లాభనష్టములను తెలిసికొని, మరల రంగు రావచ్చునని యెఱిగి, అనుభవజ్ఞుడగు వైద్యునివద్ద లేజరు చికిత్సను ఆలోచింపవచ్చును. సౌందర్యశాలలో, పరీక్ష లేకుండ, ఎన్నడును తగదు. పెక్కుమందికి అసలు చికిత్సయే అక్కఱలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన పెద్దలు ఊరక అనలేదు.

ఆ బాలిక యింటివారు మా మాట మన్నించి ఆమెను చర్మవైద్యునివద్దకు కొనిపోయిరి. ఆయన పరీక్షించి, అది పుట్టుమచ్చవంటిదని, ప్రస్తుతము ఏమియు చేయనక్కఱలేదని, ఆఱునెలలకొకసారి ఛాయాచిత్రము తీసి సరిపోల్చి చూతమని చెప్పెను. ఇప్పుడామె సోమవారమునాడు బొటనవ్రేలిని దాచికొనుట లేదు. సిరామరక యన్నవారికి గోరింటాకు, మగ్గము ఉదాహరణములతో పాఠము చెప్పుచున్నది. మన విద్యార్థులందఱును ఇంటికిపోయి తాతల, అవ్వల గోళ్లను ఒక్కసారి శ్రద్ధగా చూడవలెనని కోరుచున్నాము. వారిలో ఏ ఒక్కరికైన చూపదగిన చార కనబడి సకాలమున వైద్యము జరిగినచో మా శ్రమ ఫలించినట్లే.