శ్రేష్ఠతకు కొలమానం - నిఖత్ జరీన్

ఉద్దేశం

ప్రతిభావంతుల మధ్య తారతమ్యాన్ని నిర్ణయించేటప్పుడు స్వప్రాంతాభిమానం సత్యదృష్టిని కప్పివేయరాదు. ముష్టియుద్ధంలో విశ్వవిజేతగా నిలిచిన ఇందూరు బిడ్డ విజయాలను ఆధారంగా చేసికొని, నిష్పాక్షిక వివేచన ఎలా చేయాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఎవరు గొప్ప అనే ప్రశ్నకు బదులు చెప్పడం సులభం. ఎందుకు గొప్ప అని అడిగినప్పుడే చిక్కు వస్తుంది. ఆంధ్ర మహాభారతంలో నన్నయ రచించినవి రెండున్నర పర్వాలు, తిక్కన రచించినవి పదిహేను. సంఖ్య ఒక్కటే ప్రమాణమైతే నన్నయకు ఆదికవి గౌరవం దక్కేది కాదు. అరణ్యపర్వ శేషం మాత్రమే పూరించిన ఎఱ్ఱనకు కవిత్రయంలో చోటు ఉండేది కాదు. కనుక తారతమ్య నిర్ణయానికి పూనుకొనేవారు ముందుగా హద్దును, ఆ తరువాత కొలమానాన్ని స్పష్టపరచుకోవాలి. ఈ నియమం కావ్యరంగానికి ఎంత అవసరమో క్రీడారంగానికీ అంతే అవసరం.

ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతాలు 2016 వరకు నిజామాబాదు జిల్లాలో అంతర్భాగాలు. ఆ జిల్లా కేంద్రంలో 1996 జూన్ 14న నిఖత్ జరీన్ జన్మించింది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ప్రోత్సాహంతో మొదట పరుగుపందేలలో సాధన చేసి, తరువాత బాక్సింగ్ వైపు మళ్లింది. ఆడపిల్లకు ముష్టియుద్ధమేమిటని సమాజం సందేహించినా కుటుంబం వెనుకంజ వేయలేదు. 2011లో టర్కీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో ఆమె స్వర్ణ పతకం గెలుచుకొంది. 2017లో భుజానికైన గాయం ఆమెను కొంతకాలం బరికి దూరం చేసింది.

బాక్సింగ్‌లో సమానమైన బరువు గలవారే పరస్పరం తలపడాలి. బలవంతుని చేతిలో బలహీనుడు నలిగిపోకుండా ఏర్పరచిన న్యాయమిది. 2022 ప్రపంచ మహిళా పోటీలలో 48 కిలోల నుండి 81 కిలోల పైబడిన వారి వరకు పన్నెండు విభాగాలు ఉన్నాయి. ఒలింపిక్ క్రీడలలో మహిళల విభాగాలు 2012లోను, 2016లోను మూడు మాత్రమే. టోక్యోలో ఐదు, 2024 పారిస్‌లో ఆరు. ప్రపంచ పోటీలలో వేర్వేరు విభాగాలలో గెలిచినవారు ఒలింపిక్స్‌లో ఒకే విభాగంలో ఎదురుపడక తప్పదు. పతకాలను లెక్కించేవారు ఈ భేదాన్ని విస్మరించరాదు.

2022 మే 19న ఇస్తాంబుల్ నగరంలో 52 కిలోల విభాగం తుదిపోరులో నిఖత్ థాయిలాండ్ క్రీడాకారిణి జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0 తేడాతో ఓడించింది. ఈ అంకెలు పిడిగుద్దుల లెక్క కావు. ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెనే విజేతగా ఎంచారని అర్థం. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో 50 కిలోల విభాగంలో స్వర్ణం సాధించింది. 2023 మార్చి 26న న్యూఢిల్లీలో వియత్నాం క్రీడాకారిణి న్గుయెన్ థి టామ్‌ను 50 కిలోల విభాగంలో ఓడించి రెండవసారి విశ్వవిజేత అయింది. భారత మహిళలలో అంతకు ముందు ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలు గెలిచినది మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్ ఒక్కతే.

మేరీ కోమ్ సాధించిన ప్రపంచ స్వర్ణాలు ఆరు. ఆరు ముందు రెండు నిలవవు. అయితే హద్దును గుర్తుచేసికొంటే చిత్రం మారుతుంది. ఆ ఆరు స్వర్ణాలూ 45 నుండి 48 కిలోల విభాగాలలో లభించినవి. 51 కిలోల విభాగంలో ఆమెకు ప్రపంచ పోటీలలో దక్కినది 2019 నాటి కాంస్యం. కనుక 50-52 కిలోల పరిధిలో, ప్రపంచ పోటీల వరకు, భారత మహిళలలో నిఖత్‌దే పైచేయి. కాని అదే 51 కిలోల విభాగంలో మేరీ కోమ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2014 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలుచుకొంది. హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడలలో నిఖత్‌కు 50 కిలోల విభాగంలో లభించినది కాంస్యం.

వీరిద్దరి ముఖాముఖి పోరు కూడా స్మరణీయమే. టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు క్రీడాకారిణి ఎంపిక న్యాయంగా పోటీ ద్వారానే జరగాలని 2019లో నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. ఆ ఏడాది డిసెంబరు 28న ఢిల్లీలో జరిగిన పోటీలో మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచింది. కోరిన అవకాశం దక్కింది గాని విజయం దక్కలేదు. ఆ ఓటమి తరువాత మూడేళ్లు తిరగకుండానే నిఖత్ విశ్వవిజేత కావడం ఆమె పట్టుదలకు నిదర్శనం.

ఎన్ని గెలిచారన్నది మొదటి కొలమానమైతే, ఎవరిపై గెలిచారన్నది రెండవది. టర్కీకి చెందిన బుసెనాజ్ చాకిరోగ్లు టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోను రజతం సాధించిన దిట్ట. 2019 ప్రపంచ పోటీల సెమీఫైనల్‌లో మేరీ కోమ్‌ను ఓడించినది ఈమెయే. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా పోటీలలో నిఖత్ ఈమెను ఓడించింది; 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్‌లో ఈమె చేతిలో ఓడింది. అగ్రశ్రేణి వారిని నిఖత్ జయించగలదని మొదటి ఫలితం, ఆ జయం శాశ్వతం కాదని రెండవ ఫలితం చెబుతున్నాయి.

మూడవ కొలమానం అత్యంత కఠినమైన వేదికపై నిలబడగలగడం. 2024 ఆగస్టు 1న పారిస్‌లో 50 కిలోల ప్రీక్వార్టర్ ఫైనల్‌లో చైనా క్రీడాకారిణి వు యు 5-0 తేడాతో నిఖత్‌ను ఓడించింది. 2023 ప్రపంచ పోటీలలో వు యు 52 కిలోల స్వర్ణం, నిఖత్ 50 కిలోల స్వర్ణం గెలిచారు. విభాగాలు తగ్గిన ఒలింపిక్ వేదికపై ఆ ఇద్దరు విజేతలూ తారసపడ్డారు. వు యు చివరకు ఒలింపిక్ స్వర్ణం గెలుచుకొంది. స్వర్ణ విజేత చేతిలో ఓడడం అవమానం కాదు. అలాగని ఓటమి విజయమూ కాదు.

హద్దును ప్రపంచమంతటికీ విస్తరిస్తే, 2012లోను, 2016లోను వరుసగా ఒలింపిక్ స్వర్ణాలు, 2016లో ప్రపంచ స్వర్ణం 51 కిలోల విభాగంలో సాధించిన బ్రిటన్ క్రీడాకారిణి నికోలా ఆడమ్స్ స్థానం నిఖత్ కంటె పైన ఉందని అంగీకరించాలి.

కాబట్టి తీర్పు ఇలా ఉండాలి: 50-52 కిలోల పరిధిలో ప్రపంచ పోటీల విజయాలే ప్రమాణమైతే భారత మహిళలలో నిఖత్ అగ్రగణ్య. ఒలింపిక్, ఆసియా క్రీడలే ప్రమాణమైతే ఆ స్థానం మేరీ కోమ్‌ది. అన్ని కొలమానాల దృష్ట్యా సర్వశ్రేష్ఠ అనే మాటకు నిఖత్ విషయంలో ఒలింపిక్ పతకం లేని లోటు అడ్డు నిలుస్తుంది. ఈ మాట చెప్పినంత మాత్రాన ఇందూరు గౌరవానికి భంగం లేదు. రెండుసార్లు ప్రపంచాన్ని జయించిన క్రీడాకారిణికి అతిశయోక్తితో పని లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పడమే ఆమెకు నిజమైన సత్కారం.

పదవిజ్ఞానం

తారతమ్యం - హెచ్చుతగ్గుల భేదం
నిష్పాక్షికం - ఏ పక్షం వైపూ మొగ్గనిది
వివేచన - మంచి చెడ్డల విచారణ
అగ్రగణ్య - మొదట లెక్కింపదగినది
దిట్ట - నేర్పరి
ఇందూరు - నిజామాబాదు పాత పేరు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. నిఖత్ జరీన్, మేరీ కోమ్‌ల విజయాలను పాఠంలోని కొలమానాల ఆధారంగా తులనాత్మకంగా పరిశీలించండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ప్రపంచ పోటీలకు, ఒలింపిక్ క్రీడలకు బరువు విభాగాలలో గల భేదం ఏమిటి?
2. కవిత్రయం ప్రస్తావన ద్వారా పాఠం ఏ నియమాన్ని ప్రతిపాదించింది?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నిఖత్ మొదటిసారి విశ్వవిజేతగా నిలిచిన నగరం ఏది?
2. 5-0 అనే ఫలితానికి అర్థమేమిటి?