దీపరక్షకుల దినచర్య – వారి హస్తకళలు

సముద్రతీరాన గాని, నడిసముద్రపు శిల మీద గాని నిలిచి, రాత్రివేళ ఓడలకు దారి చూపే కట్టడాన్ని మనం గ్రంథాలలో దీపస్తంభమని వ్రాస్తాము. కోస్తాలోని జాలరులు లైటుహౌసు అనే అంటారు. ఉర్దూలో దానికి ‘రోష్నీ కా మీనార్’ అని పేరు. మీనార్ అనే మాటకు మూలమైన అరబ్బీ పదం ‘మనార’. వెలుగునకు నెలవైన చోటు అని దాని అర్థం. నూర్ అనగా వెలుగు, నార్ అనగా నిప్పు; ఈ రెండు మాటలు పుట్టిన ధాతువు నుండియే మనార కూడ పుట్టింది. కనుక మసీదు మీనారుకూ, సముద్రపు దీపానికీ నామధేయం ఒక్కటే. అలెగ్జాండ్రియా రేవు ముందటి ఫారోస్ దీవిలో క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దిలో వెలసిన మహాదీపస్తంభాన్ని అరబ్బు యాత్రికులు ఎంతో శ్రద్ధతో వర్ణించారు. ఇబ్న్ బతూతా 1326లో చూచినప్పుడు దాని ఒక ముఖం శిథిలమై ఉన్నది. 1349లో మరల వెళ్ళేసరికి లోపలికి ప్రవేశించడానికే వీలు లేకపోయింది.

అయితే ఈ వర్ణనలన్నీ రాతిని గురించినవి, ఎత్తును గురించినవి. ఆ గోపురంలో కూర్చుండి రాత్రులు మేల్కొన్న మనుష్యుల ప్రసక్తి వాటిలో దాదాపు కనిపించదు. వారు ఏమి తిన్నారు, పగటి పూట ఏమి చేశారు, ఖాళీగా ఉన్న చేతులను ఏమి చేసుకున్నారు అనేవే ఈ వ్యాసంలోని విచారణీయాంశాలు. ఖాళీ చేతుల సంగతి చిన్నదిగా తోచవచ్చు గాని, అసలు కథ అంతా అందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా వారి ఉద్యోగ స్వరూపాన్ని తెలుసుకొనాలి. విద్యుత్తు రాకపూర్వం దీపం అంటే నూనె, వత్తి. తిమింగిలపు నూనె, ఆవజాతి గింజల నూనె, ఆ తరువాత కిరోసిను వాడారు. వత్తి మసి పట్టకుండ కత్తిరించడం రాత్రంతా సాగే పని. అమెరికాలో ఈ ఉద్యోగులకు ‘వత్తివాళ్ళు’ అనే అర్థమిచ్చే ముద్దుపేరు ఉండేదంటే ఆ పనికి గల ప్రాధాన్యం ఊహించవచ్చు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన గాజు కటకం 1823లో కోర్దువాన్ దీపస్తంభంలో తొలిసారి వెలిగింది. పట్టకాల వలయాలతో కూర్చిన ఆ కటకం చిన్న జ్వాలను క్రోసుల దూరానికి పంపగలిగింది. ఆ మేరకు రక్షకునికి శ్రమ పెరిగింది. దానిని ప్రతి ఉదయం తుడవాలి. చొక్కా గుండీలు తగిలి గాజు గీచుకొనిపోకుండ నారవస్త్రపు ముంగుడ్డ కట్టుకొనాలి. పగలు సూర్యకిరణాలు దాని గుండా కేంద్రీకృతమై నిప్పు పుట్టే ప్రమాదం ఉన్నందున చుట్టూ తెరలు దించాలి. కటకాన్ని త్రిప్పే యంత్రం గడియారం వంటిది. గోపురం మధ్య వ్రేలాడే బరువు దిగుతూ దానిని నడుపుతుంది. బరువు అడుగుకు చేరకముందే మరల పైకి చుట్టాలి. సాధారణంగా నాలుగేసి గంటల వంతున కాపలా. వంతు ముగిసినవాడు తరువాతివానిని లేపి గాని పడుకొనరాదు. రంజాన్ మాసంలో సహరీ వేళకు వీధులలో తిరిగి లేపేవారిని ఎరిగిన మనకు ఆ మేలుకొలుపు ఎంత కచ్చితమైనదో చెప్పనక్కరలేదు.

దీవి దీపానికీ, శిల మీది దీపానికీ భేదం ఉన్నది. దీవి అయితే కుటుంబం ఉంటుంది, ఆవు ఉంటుంది, నాలుగు కూరపాదులు ఉంటాయి. ఇంగ్లండు ఈశాన్య తీరాన లాంగ్‌స్టోన్ దీపరక్షకుని కుమార్తె గ్రేస్ డార్లింగ్ అటువంటి ఇంటనే పెరిగి చదువు, కుట్టుపని, అల్లిక, నూలు వడకడం నేర్చుకున్నది. 1838 సెప్టెంబరు 7న ఫర్‌ఫర్‌షైర్ అనే ఓడ బద్దలైనప్పుడు తండ్రితో కలిసి పడవ నడిపి ప్రాణాలు కాపాడిన ఆ యువతి పేరు లోకమంతా ఎరుగును. శిల మీది గోపురంలో ఇవేవీ లేవు. ఒకదానిపై ఒకటిగా గుండ్రని గదులు, గోడను అనుసరించి వంపు తిరిగిన మంచాలు, బయట అలలు. ఇరవయ్యవ శతాబ్దిలో బ్రిటిషు శిలాదీపాలలో చాలకాలం రెండు నెలల విధికి ఒక నెల సెలవు నియమంగా ఉండేది. సముద్రం అనుమతించకపోతే ఆ రెండు నెలలు ఎంతవరకైనా సాగవచ్చును.

ఈ ఒంటరితనం ఎంతటిదో స్మాల్స్ దీపస్తంభ వృత్తాంతం చెబుతుంది. వేల్సు పడమటి తీరానికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న శిలలపై 1776లో హెన్రీ వైట్‌సైడ్ ఓకు దుంగల కాళ్ళ మీద ఒక దీపగృహం నిలబెట్టాడు. వృత్తిరీత్యా ఆయన ఇంజనీరు కాడు, సంగీతవాద్యాలు తయారుచేసే పనివాడు. 1777 ఆరంభంలో ఆయనే అక్కడ తుఫానులో చిక్కుకొని, సహాయం కోరుతూ వ్రాసిన లేఖను సీసాలో పెట్టి సముద్రంలో విడిచాడు. అప్పటి ఏర్పాటు ప్రకారం కాపలా ఇద్దరిదే. 1801 ప్రాంతంలో అక్కడ పనిచేసిన హోవెల్, గ్రిఫిత్ అనే ఇద్దరూ తరచు కలహించుకొనేవారని తీరంలో అందరికీ తెలుసు. గ్రిఫిత్ మరణించాడు. శవాన్ని సముద్రంలో వదిలితే హత్యానేరం తన మీద పడుతుందని హోవెల్ భయపడ్డాడు. అతడు పూర్వం పీపాలు చేసే వడ్రంగి. గదిలోని పలకలు ఊడదీసి పెట్టె చేసి, శవాన్ని అందులో ఉంచి బయట కట్టాడు. గాలివానకు పెట్టె విరిగి, చేయి వ్రేలాడి, దారిన పోయే ఓడలను పిలుస్తున్నట్లు కనిపించిందని పరంపరగా చెప్పుకుంటారు. వారాల తరబడి పడవ రాలేదు. అన్ని రాత్రులూ దీపం మాత్రం వెలుగుతూనే ఉన్నది. వెలుగుతున్నది కనుకనే లోపల ఏదో జరిగిందని ఎవరికీ తోచలేదు. అతనిని దించినప్పుడు ఆప్తులే గుర్తింపలేకపోయారట. అప్పటి నుండి శిలాదీపాలలో ముగ్గురిని నియమించడం ఆచారమైంది.

ముగ్గురున్నా కాలం గడవాలి కదా. దీపరక్షకులలో పలువురు పూర్వాశ్రమంలో నావికులు. తాళ్ళను ముడివేసి చాపలు అల్లడం, ఉన్ని అల్లడం, పాత గుడ్డపీలికలతో తివాచీలు చేయడం వారికి వచ్చు. అన్నింటిలోకి ప్రసిద్ధమైనది సీసాలో ఓడ. చూచినవారు ఇంత సన్నని మెడ గుండా ఓడ ఎట్లా పోయిందని ఆశ్చర్యపడతారు. రహస్యం సులభమే. తెరచాప స్తంభాలను అడుగున మడతపడేటట్లు అమర్చి, దారాలు కట్టి, పడుకొన్న ఓడను లోపలికి పంపుతారు. జిగురు మైనపు సముద్రం మీద అది కుదురుకున్న తరువాత దారం లాగితే స్తంభాలు లేచి నిలుస్తాయి. ఆపై దారం కత్తిరిస్తారు. చెప్పడం సులభమే గాని, ఒక్క ముడి తప్పితే వారాల పని వృథా.

వంటగదికి పనికివచ్చే కళ కూడ ఒకటి ఉన్నది. శిల చుట్టూ నీరు కల్లోలంగా ఉండటం చేత గోపురం నుండి గాలం వేస్తే త్రాడు రాళ్ళలో చిక్కుతుంది. అందువలన రక్షకులు గాలిపటాలు తయారుచేసి, వాటి ద్వారా గాలాన్ని లోతునీటి మీదికి పంపి చేపలు పట్టేవారు. మన హైదరాబాదు కుర్రవాళ్ళు మాంజా పట్టి పేంచీలు లడాయించే విద్యకు ఇంతటి ప్రయోజనం ఉన్నదని వారి తలిదండ్రులకు తెలిసినట్లు లేదు!

చేతిపని చిరస్థాయి అయిన ఉదంతం అమెరికాది. దీపస్తంభం కట్టడానికి వీలులేని ఇసుకతిన్నెల వద్ద దీపనౌకను లంగరు వేసి నిలుపుతారు. అది తేలియాడే దీపస్తంభమే. నాన్‌టకెట్ దీవికి దక్షిణాన సౌత్ షోల్ వద్ద 1854 నుండి అటువంటి నౌక ఉండేది. నేల కనుచూపుకు అందదు. ఆ సిబ్బంది పగటి వేళలలో పేముతో బుట్టలు అల్లారు. 1891లో గుస్తావ్ కోబే అనే రచయిత ఆ నౌకా జీవితాన్ని ‘సెంచురీ’ మాసపత్రికలో వర్ణిస్తూ ఈ బుట్టల పనిని కూడ పేర్కొన్నాడు.

మన మేదరులు అచ్చు లేకుండ కంటి కొలతతోనే అల్లుతారు. నాన్‌టకెట్ పద్ధతి వేరు. ముందుగా చెక్క దిమ్మను గుండ్రంగా చిత్రికపట్టి అచ్చు చేస్తారు. బుట్ట అడుగు కూడ చెక్క బిళ్ళే. దాని అంచున గాడి తీసి, సన్నని ఓకు బద్దలను నిలువుగా గుచ్చి, అచ్చు మీదికి వంచి, వాటి మధ్య పేము తీగను అడుగు నుండి పైకి చుట్టుతూ అల్లుతారు. ఒకదానిలో ఒకటి ఇమిడే బుట్టల వరుస ఈ పనికి పరాకాష్ఠ. అచ్చులు సరిగా లేకపోతే అది సాధ్యం కాదు. పేము తూర్పు ఆసియా సముద్రాల నుండి వాణిజ్య నౌకలలో వచ్చేది. అచ్చులు, బద్దలు ఒడ్డున సిద్ధమయ్యేవి. అల్లిక నౌకలో సాగేది. ఊగే నౌకలో, ఎప్పుడు విధికి పిలుపు వచ్చినా క్రింద పెట్టి, మరల అదే వరుస నుండి ఎత్తుకొనగల పని అది. రాత్రి కాపలాకు కావలసిన ఏకాగ్రతయే ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో అధికారులు దీనిని నిషేధించారు. జీతం తీసుకొనే ఉద్యోగి నౌకలో కూర్చుండి అమ్మకానికి సరుకు చేయరాదని వారి వాదం. నియమం దృష్ట్యా అది న్యాయమే కావచ్చును. మనుష్యుని దృష్ట్యా కాదు. దీపానికి లోటు రానంతవరకు ఆ బుట్ట దీపానికి సహాయమే చేసింది. కలహం చేతులకు పని లేనప్పుడు పుడుతుంది. స్మాల్స్ కథ తెలిసినవారికి ఇది వివరింపనక్కరలేదు.

నిషేధం తరువాత విద్య ఒడ్డున కొన్ని కుటుంబాలలో నిలిచింది. 1945లో ఫిలిప్పీన్సు దేశస్థుడైన హోసే ఫోర్మోసో రేయెస్ నాన్‌టకెట్ చేరాడు. ఆయన అమెరికాలోనే పట్టం పుచ్చుకొన్న ఉపాధ్యాయుడు. అయినా ఆ దీవిలో ఉపాధ్యాయ పదవి దొరకలేదు. మిచెల్ రే అనే వృద్ధుని వద్ద బుట్టల పని నేర్చుకొని, 1948లో మూత గల చేతిసంచీ బుట్టను రూపొందించాడు. ఈనాడు ఆ దీవి పేరు చెబితే జ్ఞాపకం వచ్చేది ఆ బుట్టయే. పట్టా చేతికి వచ్చిన తరువాత చేతిపని అవమానమని భావించే మన విద్యార్థులలో కొందరు, వారికంటె ఎక్కువగా వారి పెద్దలు, రేయెస్ చరిత్రను చదవాలి. అంతమాత్రాన పదవి ఇవ్వనివారు చేసినది ఒప్పు అనడం నా ఉద్దేశం కాదు.

దీపరక్షకుల జీవితం పుస్తకపఠనానికి అనువైనదని కూడ కొందరు తలచారు. 1933 అక్టోబరు 3న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ప్రసంగిస్తూ ఐన్‌స్టీన్, శాస్త్ర సమస్యలను చింతన చేయదలచిన యువకులకు దీపస్తంభాలలో, దీపనౌకలలో ఉద్యోగాలు ఇవ్వవచ్చునని సూచించాడు. బరువును పైకి చుట్టవలసిన గంట కొట్టినప్పుడు చింతన ఏమయ్యేదో ఆయన చెప్పలేదు.

అప్పటికే ఆ ఉద్యోగానికి అంత్యకాలం ఆరంభమైంది. స్వీడనుకు చెందిన గుస్తాఫ్ దలేన్ 1907లో సూర్యకవాటం కనిపెట్టాడు. పగటి వెలుతురు తగిలితే వాయువు తనంతట ఆగిపోతుంది. చీకటి పడితే విడుదలై దీపం వెలుగుతుంది. 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంవత్సరమే ఒక ప్రేలుడులో ఆయన చూపు కోల్పోయాడు. తరువాత విద్యుత్తు, రేడియో వచ్చాయి. స్కాట్లండులో చివరి దీపరక్షకులు 1998 మార్చి 31న ఫెయిర్ దీవి దక్షిణ దీపాన్ని విడిచి వెళ్ళారు. ఇంగ్లండులో నార్త్ ఫోర్లాండు దీపం ఆ సంవత్సరం నవంబరులో రక్షకులు లేనిదైంది.

అయినా దీపం యంత్రానికి అప్పగించిన తరువాత కూడ దీవిని చూచుకొనేవారు కావలసివచ్చిన చోట్లు ఉన్నాయి. టాస్మేనియాకు దక్షిణాన మాట్‌సైకర్ దీవి అటువంటిది. అక్కడి దీపం 1891లో వెలిగింది. ఆస్ట్రేలియా దీపస్తంభాలలో అంతకంటె దక్షిణాన మరొకటి లేదు. తొలినాళ్ళలో వార్త పంపడానికి పావురాలను ఉంచారు గాని, ఆ గాలులలో అవి అన్నివేళలా గమ్యం చేరేవి కావు. సరుకుల ఓడ నెలలకొకసారి వచ్చేది. వచ్చినా అల అనుకూలిస్తేనే దింపడం. 1996లో ఉద్యోగులు వెళ్ళిపోయారు. అటుపిమ్మట స్వచ్ఛంద సేవకులు ఇద్దరిద్దరు చొప్పున ఆరేసి నెలలు అక్కడ కాపురముండే ఏర్పాటు జరిగింది. గడ్డి కోయడం, ఇళ్ళకు రంగు వేయడం, త్రోవలు బాగుచేయడం, నియమిత వేళలకు గాలి, వాన, మేఘాల వివరాలు వాతావరణ శాఖకు పంపడం వారి విధులు. అంగడి లేదు కనుక రొట్టె ఇంటనే కాల్చుకొనాలి. కూరలు తోటలోనే పండించుకొనాలి. కూరపాదుల చుట్టూ గాలికి అడ్డు కట్టకపోతే మొక్క నిలువదు. దీపం వెలిగించే బాధ్యత మాత్రం వారికి లేదు. పాత గోపురంలో ఛాన్స్ సోదరుల కర్మాగారంలో తయారైన గాజు కటకం ఉన్నది. ఓడలకు దారి చూపేది దానికి ప్రక్కన నిలిపిన చిన్న స్వయంచాలిత దీపం.